రక్తవర్గాల శోధకుడు కార్ల్ లాండ్‌స్టీనర్

సింధనూరు ప్రాంతంలో వరికోతల రోజులు. తుంగభద్ర ఎడమ కాలువ కింద పొలంలో కోతకోస్తున్న ఒక కూలీకి కొడవలి తగిలి వేలు తెగింది అనుకుందాం. తలగుడ్డ చించి కట్టు కడతారు. పది రోజుల్లో గాయం మానిపోతుంది. ఆ గుడ్డ మాత్రం ఇంట్లో ఏ మూలనో పడి ఉంటుంది. మూడు నెలల తరువాత దానిని తీసి చూస్తే అందులో ఎరుపు కనిపించదు. గట్టిపడిన గోధుమరంగు మరక ఒకటి కనిపిస్తుంది. అది రక్తమో, తాంబూలం ఉమ్మో, ఇనుప మేకు తుప్పో చూసినవారు చెప్పలేరు. రక్తమే అని తెలిసినా అది మనిషిదో మేకదో చెప్పలేరు. మనిషిదే అని తేలినా ఏ మనిషిదో చెప్పలేరు.

ఇంట్లో మూలపడిన గుడ్డ విషయంలో ఈ సంగతులు తెలియకపోయినా నష్టం లేదు. కాని ఒక ఊరిలో హత్య జరిగి, అటువంటి మరకే ఒక మనిషి పంచె మీద కనిపిస్తే ఏమవుతుంది? అతడు మేకను కోశానంటాడు. లేదా తన వేలే తెగిందంటాడు. పోలీసులు నమ్మరు. అప్పుడు న్యాయాధిపతి ఎవరి మాట నమ్మాలి? ఇరవయ్యో శతాబ్దం మొదలయ్యే వరకు ఈ ప్రశ్నకు ప్రపంచంలో ఎక్కడా సరైన సమాధానం లేదు. మాటనేర్పు గల దోషి బయటపడేవాడు. నోరులేని నిర్దోషి చిక్కుకొనేవాడు. మరక కళ్ళముందే ఉన్నా దాని భాష ఎవరికీ తెలియదు.

ఆ భాషలోని మొదటి అక్షరాలను గుర్తించినవాడు కార్ల్ లాండ్‌స్టీనర్. ఆయన పోలీసు అధికారి కాడు, న్యాయవాది కాడు. శవపరీక్షలు చేసే వైద్యుడు. మాటల్లో పొదుపరి. పదిమందిలో కలవడం కంటే పరీక్షనాళికల మధ్య ఉండడమే ఆయనకు ఇష్టం.

లాండ్‌స్టీనర్ 1868వ సంవత్సరం జూన్ 14వ తేదీన ఆస్ట్రియా దేశంలో జన్మించాడు. వియన్నా నగరానికి దగ్గరలో ఉన్న బాడెన్ ఆయన జన్మస్థలం. తండ్రి లియోపోల్డ్ పేరుపొందిన పత్రికా సంపాదకుడు. కార్ల్‌కు ఆరేళ్ళ వయస్సులోనే ఆయన చనిపోయాడు. తల్లి ఫానీ ఒక్కతే కొడుకును పెంచింది. తల్లికీ కొడుకుకూ మధ్య అనుబంధం ఎంత గాఢమైనదంటే, ఆమె మరణించాక ముఖానికి అచ్చు తీయించి ఆ ప్రతిమను ఆయన జీవితాంతం తన గది గోడకు తగిలించుకున్నాడు.

వియన్నా విశ్వవిద్యాలయంలో వైద్యవిద్య చదివి 1891లో పట్టం పొందాడు. విద్యార్థిగా ఉన్నప్పుడే, మనిషి తినే ఆహారం వల్ల రక్తంలోని లవణాలలో వచ్చే మార్పుల గురించి ఒక వ్యాసం ప్రచురించాడు. పట్టం చేతికి వచ్చిన వైద్యులు సాధారణంగా రోగులను చూడడం మొదలుపెడతారు. లాండ్‌స్టీనర్ అలా చేయలేదు. శరీరంలో జరిగేదంతా చివరకు రసాయనాల పనే అని ఆయనకు తోచింది. రసాయనశాస్త్రం సరిగా రానిదే వైద్యంలో లోతుకు పోలేమని గ్రహించి, సుమారు ఐదేళ్ళపాటు జ్యూరిచ్, వుర్జ్‌బుర్గ్, మ్యూనిక్ నగరాల ప్రయోగశాలల్లో పేరుగాంచిన రసాయనశాస్త్రజ్ఞుల దగ్గర పని నేర్చుకున్నాడు. వారిలో ఎమిల్ ఫిషర్ ఒకడు. ఆయనకు తరువాత 1902లో నోబెల్ బహుమతి వచ్చింది.

1896లో లాండ్‌స్టీనర్ వియన్నాకు తిరిగివచ్చి ఆరోగ్యశాస్త్ర సంస్థలో సహాయకుడుగా చేరాడు. 1898 నుంచి పదేళ్ళపాటు విశ్వవిద్యాలయంలోని రోగనిర్ధారణ విభాగంలో పనిచేశాడు. ఆ కాలంలో ఆయన చేసిన శవపరీక్షలు 3,600కు పైగా ఉంటాయి. పదేళ్ళకు లెక్కవేస్తే ఇంచుమించు రోజుకొకటి. అందరూ ఇష్టపడే పని కాదది. పగలంతా శవాల మధ్య గడిపి, మిగిలిన సమయంలో రక్తంమీద ప్రయోగాలు చేసేవాడు.

ఆ రోజుల్లో ఒకరి రక్తం మరొకరికి ఎక్కించడం ప్రాణాంతకమైన జూదం. 1667లోనే ఫ్రాన్సులో జాన్ బాప్టిస్ట్ డెనీ అనే వైద్యుడు గొర్రెపిల్ల రక్తాన్ని మనిషికి ఎక్కించాడు. 1818లో జేమ్స్ బ్లండెల్ అనే ఇంగ్లీషు వైద్యుడు మనిషి రక్తాన్ని మనిషికి ఎక్కించడం మొదలుపెట్టాడు. కొందరు బ్రతికారు, కొందరు మరణించారు. ఎందుకు బ్రతికారో, ఎందుకు మరణించారో ఎవరికీ అంతుపట్టలేదు. గొర్రె రక్తంలో మనిషి రక్తద్రవం కలిపితే రక్తకణాలు ముద్దకట్టి చితికిపోతాయని 1875 నాటికి తెలిసింది. జాతి వేరు కాబట్టి అలా జరిగిందని అనుకున్నారు. మనుషులందరిదీ ఒకే జాతి కదా, వారి రక్తాల మధ్య తేడా ఏముంటుంది? అలా జరిగితే అది రోగలక్షణమై ఉండాలని చాలామంది వైద్యులు భావించారు.

లాండ్‌స్టీనర్‌కు ఈ మాట నచ్చలేదు. రోగం లేనివారి రక్తాన్నే పరీక్షించి చూడాలనుకున్నాడు. అందుకు ఆయన దూరం వెళ్ళలేదు. తన ప్రయోగశాలలో పనిచేసే ఐదుగురి దగ్గర కొంచెం కొంచెం రక్తం తీసుకున్నాడు. ఆరవ నమూనా ఆయనదే. ఒక్కొక్కరి రక్తాన్నీ రెండుగా వేరుచేశాడు. పైన తేలిన పసుపుపచ్చని నీరు సీరం. అడుగున దిగినవి ఎర్ర రక్తకణాలు. ఆ కణాలను ఉప్పునీటిలో కలిపి, ప్రతి ఒక్కరి కణాలమీద ప్రతి ఒక్కరి సీరాన్ని వేసి చూశాడు. ఆరుగురివీ ఆరుగురితో కలిపితే ముప్పై ఆరు జతలు.

కొన్ని జతలలో ఏమీ జరగలేదు. ఎర్రని ద్రవం ఎప్పటిలా సమంగా ఉండిపోయింది. మరికొన్నింటిలో పాలు విరిగినట్లు కణాలు గుంపులు గుంపులుగా ముద్దకట్టాయి. సూక్ష్మదర్శిని అవసరం లేకుండానే కంటికి కనిపించాయి. ఎవరి సీరమూ వారి కణాలను ముద్దకట్టించలేదు. ఏవి కలుస్తున్నాయో, ఏవి విరుగుతున్నాయో పట్టికగా వేసి చూస్తే అందులో ఒక క్రమం బయటపడింది. 1901లో ఆయన ఈ ఫలితాలను ప్రకటించాడు. మనుషుల రక్తం మూడు వర్గాలుగా ఉన్నదని చెప్పి, వాటికి ఎ, బి, సి అని పేర్లు పెట్టాడు. సి వర్గానికే తరువాత ఓ అని పేరు మారింది. లాండ్‌స్టీనర్ సొంత రక్తం ఆ వర్గానిదే. మరుసటి సంవత్సరం ఆయన సహచరులు డెకాస్టెల్లో, స్టుర్లీ అనేవారు ఇంకా ఎక్కువమందిని పరీక్షించి నాలుగవ వర్గాన్ని కనుగొన్నారు. అది ఎబి.

దీనిలోని మర్మం ఇది. ఎ వర్గంవారి ఎర్రకణాలమీద ఎ అనే గుర్తు ఉంటుంది, వారి సీరంలో బి గుర్తును పట్టుకొనే పదార్థం ఉంటుంది. బి వర్గంవారిలో ఇందుకు సరిగ్గా తిరగవేసి ఉంటుంది. ఎబి వారి కణాలమీద రెండు గుర్తులూ ఉంటాయి, సీరంలో ఏ పట్టుపదార్థమూ ఉండదు. ఓ వారి కణాలమీద ఈ రెండు గుర్తులలో ఏదీ ఉండదు, సీరంలో మాత్రం రెండు పట్టుపదార్థాలూ ఉంటాయి. శాస్త్రగ్రంథాలలో గుర్తును ప్రతిజనకం అనీ, పట్టుపదార్థాన్ని ప్రతిరక్షకం అనీ అంటారు. ఇంత చిన్న విషయం రెండు వందల ఏళ్ళకు పైగా వైద్యుల కంటికి కనబడలేదు. కనబడిన తరువాత కూడా శస్త్రవైద్యులు చాలాకాలం దానిని పట్టించుకోలేదు. రక్తం ఎక్కించే ముందు వర్గం చూడడం అన్నిచోట్లా వాడుకలోకి రావడానికి మొదటి ప్రపంచయుద్ధం రావలసివచ్చింది.

అయితే 1901 నాటి ఆ వ్యాసంలోనే మరొక సంగతి ఉన్నది. గుడ్డమీద ఎండిపోయి పద్నాలుగు రోజులైన రక్తపు చుక్కను నీటిలో నానబెట్టి చూస్తే, ఆ నీటికి కూడా కణాలను ముద్దకట్టించే గుణం ఉన్నదని లాండ్‌స్టీనర్ గమనించాడు. ఎండిన మరకలో కూడా మనిషి గుర్తు మిగిలి ఉంటుందన్నమాట. న్యాయస్థానాలకు ఇది ఎంత అవసరమో ఆయనకు వెంటనే స్ఫురించింది. శవపరీక్షలు చేసే మనిషి కాబట్టి హత్యకేసుల సంగతి ఆయనకు కొత్త కాదు. 1903లో వియన్నాలోని న్యాయవైద్యుడు మాక్స్ రిక్టర్‌తో కలిసి, రక్తవర్గాల తేడాలు నేరపరిశోధనలో ఎంతవరకు ఉపయోగపడతాయనే విషయంమీద ప్రత్యేకంగా ఒక వ్యాసం రాశాడు.

ఇక్కడ కథను కొంచెం వెనక్కు నడపాలి. మరక విషయంలో మూడు ప్రశ్నలున్నాయని మొదట అనుకున్నాం కదా. అది రక్తమా కాదా అన్నది మొదటిది. దీనికి రసాయనశాస్త్రజ్ఞులు అప్పటికే కొంత దారి చూపారు. హైడ్రోజన్ పెరాక్సైడ్ వేస్తే రక్తపు మరక నురుగు కక్కుతుందని 1863లో షోన్‌బైన్ తెలిపాడు. కాని నురుగు వచ్చిందంతా రక్తం కాదు. మరికొన్ని పదార్థాలు కూడా అలా నురుగు తెస్తాయి. కనుక ఈ పరీక్ష అనుమానానికి చాలుతుంది, తీర్పుకు చాలదు.

మనిషి రక్తమా, జంతువు రక్తమా అన్న రెండవ ప్రశ్నకు సమాధానం కూడా 1901లోనే దొరకడం విశేషం. జర్మనీలో పాల్ ఉలెన్‌హూత్ అనే శాస్త్రజ్ఞుడు కుందేలుకు మనిషి రక్తాన్ని సూదిద్వారా ఎక్కించాడు. కొన్నాళ్ళకు ఆ కుందేలు సీరం ఒక కొత్త గుణం సంపాదించింది. మనిషి రక్తం కలిసిన నీటిలో వేస్తే తెల్లని మడ్డి కడుతుంది. పశువు రక్తంలో వేస్తే కట్టదు. ఆ సంవత్సరమే బాల్టిక్ సముద్రంలోని రూగెన్ దీవిలో ఇద్దరు బాలురు హత్యకు గురయ్యారు. అనుమానితుడు ఒక వడ్రంగి. అతని బట్టలమీద మరకలున్నాయి. అవి చెక్కకు పూసే రంగు అని అతడు వాదించాడు. ఉలెన్‌హూత్ ఆ మరకలను ఒక్కొక్కటిగా పరీక్షించి, కొన్ని మనిషి రక్తమనీ, మరికొన్ని గొర్రె రక్తమనీ తేల్చాడు. అంతకు కొన్ని వారాల ముందు అదే దీవిలో ఎవరో గొర్రెలను చంపి చీల్చివేశారు. రెండు నేరాలూ ఒకే బట్టమీద రాసి ఉన్నాయి. చెక్కరంగు అన్న మాట నిలవలేదు. నిందితునికి మరణశిక్ష పడింది.

మూడవ ప్రశ్న అన్నిటికంటె కష్టమైనది. మనిషి రక్తమే. ఏ మనిషిది? ఇక్కడ లాండ్‌స్టీనర్ పద్ధతి ఉపయోగపడింది. అయితే ఎండిన మరకలో ఎర్రకణాలు పగిలిపోయి ఉంటాయి. ప్రయోగశాలలో తాజా రక్తంతో చేసినంత సులభంగా దానితో పరీక్ష చేయడం సాధ్యం కాదు. ఇటలీ దేశంలో తూరిన్ నగరానికి చెందిన లియోనె లాటెస్ అనే న్యాయవైద్యుడు 1915లో దీనికి ఒక ఉపాయం కనిపెట్టాడు. మరకనుంచి చిన్న పొక్కును గీకి గాజుపలకమీద ఉంచి, దానికి వర్గం తెలిసిన తాజా కణాలను చేర్చాడు. ఎ కణాలు ముద్దకడితే మరకలో ఎ ను పట్టుకొనే పదార్థం ఉన్నట్లు. బి కణాలు ముద్దకడితే బి ను పట్టుకొనేది ఉన్నట్లు. రెండూ కడితే మరక ఓ వర్గానిది. లాటెస్‌కు మొదట దొరికినది హత్యకేసు కాదు, ఒక ఇంటి తగాదా. భర్త చొక్కామీద మూడు నెలల నాటి రక్తపు మరకలు చూసి భార్య అనుమానపడింది. అవి ఎలా వచ్చాయో అతనికీ తెలియదు. పరీక్షలో అవి అతని సొంత రక్తమేనని తేలడంతో ఆ సంసారం కుదుటపడింది. పెద్ద కేసుల చరిత్రలో ఇది చాలా చిన్న విషయమే. అయినా ఎండిన మరక ఒక మనిషిని కాపాడడం ఇక్కడినుంచే మొదలయింది.

ఇప్పుడు ఈ పరీక్ష ఎంతవరకు చెప్పగలదో, ఎక్కడ ఆగిపోతుందో జాగ్రత్తగా చూడాలి. మన ఊరి ఉదాహరణకే వద్దాం. చనిపోయిన మనిషిది బి వర్గం. నిందితునిది ఓ వర్గం. పంచెమీది మరక ఓ అని తేలితే అది చనిపోయినవాని రక్తం కానేకాదు. వేలు తెగిందన్న నిందితుని మాటకు బలం వచ్చినట్లే. ఒకవేళ మరక బి అని తేలితే? వేలు తెగిందన్న మాట అబద్ధమని తెలుస్తుంది. కాని అది చనిపోయినవాని రక్తమే అని చెప్పడానికి వీలులేదు. మన దేశంలో ఇంచుమించు ముగ్గురిలో ఒకరు బి వర్గంవారు. వెయ్యిమంది ఉన్న ఊరిలో మూడు వందలమందికి పైగా ఆ వర్గంవారే ఉండవచ్చు. వారిలో ఎవరి రక్తమైనా కావచ్చు. అంటే ఈ పరీక్ష కాదు అని గట్టిగా చెప్పగలదు, అవును అని గట్టిగా చెప్పలేదు. బిడ్డకు తండ్రి ఎవరన్న వివాదాలలోనూ ఇంతే. తల్లిదండ్రుల వర్గాలనుబట్టి బిడ్డకు రాగల వర్గాలు ఏవో తెలుసు కాబట్టి, ఫలానావాడు తండ్రి కాడని తేల్చవచ్చు. ఇతడే తండ్రి అని తేల్చడానికి వీలుకాదు.

లాండ్‌స్టీనర్ ఈ హద్దును దాటి ఎన్నడూ మాట్లాడలేదు. తన పరిశోధనకు లేని శక్తిని అంటగట్టలేదు. నాలుగు వర్గాలు చాలవు, మనుషుల రక్తాలలో ఇంకా సూక్ష్మమైన తేడాలు ఉండాలని మాత్రం నమ్మాడు. వాటిని వెదకడానికి ఆయనకు మరో పాతికేళ్ళు పట్టింది.

ఈ మధ్యకాలంలో ఆయన చేసిన మరో గొప్ప పనిని చెప్పకుండా ముందుకు పోలేం. 1908లో ఆయన శవపరీక్షకు పోలియోతో చనిపోయిన ఒక పిల్లవాని దేహం వచ్చింది. ఎర్విన్ పోపర్ అనే వైద్యునితో కలిసి, ఆ పిల్లవాని వెన్నుపాములోని పదార్థాన్ని కోతులకు ఎక్కించి, ఆ జబ్బు వాటికీ వచ్చిందని చూపాడు. పోలియో ఒక అంటువ్యాధి అనీ, బాక్టీరియా కంటె సూక్ష్మమైన వైరస్ దానికి కారణమనీ అలా వెల్లడైంది. మన దేశం పోలియోనుంచి విముక్తి పొందినట్లు 2014లో ప్రకటించారు. ఆ దారి అక్కడ మొదలయింది.

1916లో ఆయనకు హెలెన్ అనే యువతితో వివాహం జరిగింది. అప్పటికి ఆయనకు నలభై ఎనిమిదేళ్ళు. మరుసటి సంవత్సరం కొడుకు పుట్టాడు. ఆ సమయంలో మొదటి ప్రపంచయుద్ధం జరుగుతున్నది. 1918లో యుద్ధం ముగిసేసరికి ఆస్ట్రియా ఓడిపోయి ఛిన్నాభిన్నమైంది. వియన్నాలో తిండికీ, చలి కాచుకొనే కట్టెలకూ కరువు. ప్రయోగాలు జరిపే వీలు లేదు. చంటిబిడ్డను, భార్యను తీసుకొని ఆయన హాలెండులోని హేగ్ నగరానికి వెళ్ళి ఒక చిన్న ఆసుపత్రిలో చేరాడు. అక్కడ ఆయన పని రోజూ వచ్చే రోగుల రక్తం, మూత్రం పరీక్షించడం. రక్తవర్గాలను కనుగొన్న శాస్త్రజ్ఞుడు యాభై ఏళ్ళు దాటాక ఒక చిన్న గదిలో కూర్చొని మామూలు పరీక్షలు చేయవలసివచ్చింది. అయినా తీరిక వేళల్లో పరిశోధన సాగించి, ఆ కొద్ది సంవత్సరాలలోనే డజను వ్యాసాలు ప్రకటించాడు.

అదే యుద్ధకాలంలో లాండ్‌స్టీనర్ పరిశోధన మన దేశస్థులదాకా కూడా వచ్చింది. గ్రీసులోని సలోనికా రేవులో అనేక దేశాల సైన్యాలు విడిది చేసి ఉండేవి. లుడ్విక్ హిర్జ్‌ఫెల్డ్, హన్నా హిర్జ్‌ఫెల్డ్ అనే వైద్య దంపతులు ఆ సైనికుల రక్తాన్ని పరీక్షించారు. వారిలో భారతీయ సైనికులు కూడా ఉన్నారు. ఇంగ్లీషువారిలో బి వర్గం అరుదుగా కనిపిస్తే, భారతీయులలో అది అన్నిటికంటె ఎక్కువగా కనిపించింది. 1919లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. అయితే ఏ దేశంవారిని చూసినా నాలుగు వర్గాలూ కనిపించాయి. ఎక్కువ తక్కువలలోనే తేడా.

1922లో అమెరికానుంచి పిలుపు వచ్చింది. న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ వైద్యపరిశోధన సంస్థ ఆయనకు ప్రయోగశాలను ఇచ్చింది. కుటుంబంతో సహా సముద్రం దాటి వెళ్ళి, తరువాత అమెరికా పౌరుడయ్యాడు. అక్కడ ఫిలిప్ లెవిన్ అనే యువ శాస్త్రజ్ఞునితో కలిసి 1927లో ఎం, ఎన్, పి అనే కొత్త గుర్తులను కనుగొన్నాడు. ఎ, బి, ఓ లతో సంబంధం లేకుండా ఇవి వేరుగా వంశపారంపర్యంగా వస్తాయి. ఒక మరకను రెండు మూడు విధాల పరీక్షిస్తే అది ఎవరిది కాదో ఇంకా ఎక్కువమంది విషయంలో చెప్పవచ్చు. జల్లెడ కన్నాలు సన్నబడినట్లయింది. 1930లో ఆయనకు వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. ఎ, బి, ఓ వర్గాలను కనుగొన్న ఇరవై తొమ్మిదేళ్ళ తరువాత!

ఆ రోజుల్లోనే మరో సంగతి తెలిసింది. ఎ, బి గుర్తులు రక్తంలో మాత్రమే ఉండవు. నూటికి ఎనభైమందిలో ఉమ్ము వంటి ఇతర ద్రవాలలోనూ అవి కనిపిస్తాయి. తక్కినవారిలో కనిపించవు. ఇది కూడా వంశపారంపర్యమేనని 1932లో షిఫ్, ససాకి అనే శాస్త్రజ్ఞులు చూపారు. దీనితో నేరపరిశోధకులకు కొత్త ద్వారం తెరుచుకుంది. ఒక్క రక్తపు చుక్క లేకపోయినా, తాగిపారేసిన బీడీముక్క, నాలుకతో తడిపి అంటించిన కవరు, నోరు తుడుచుకున్న రుమాలు మాట్లాడడం మొదలుపెట్టాయి.

మన దేశంలో ఇటువంటి పరీక్షలకోసం 1910లో కలకత్తాలో సీరాలజిస్టు కార్యాలయం వెలసింది. పంచనామా జరిపి సీలువేసిన బట్టలు, కత్తులు, గొడ్డళ్ళు దూరప్రాంతాలనుంచి అక్కడికి వెళ్ళేవి. రాయచూరు అప్పట్లో నిజాం పాలనలోని హైదరాబాదు రాజ్యంలో ఉండేది. 1956లో మైసూరు రాష్ట్రంలో చేరింది. ఇప్పుడు మన రాష్ట్రానికి బెంగళూరులో న్యాయవిజ్ఞాన ప్రయోగశాల, కలబురగిలో ప్రాంతీయ ప్రయోగశాల ఉన్నాయి. పరీక్ష ఎంత మంచిదైనా మరక చెడిపోతే ఫలితం ఉండదు. తడిగా ఉన్న బట్టను నీడలో ఆరబెట్టి కాగితంలో చుట్టాలి. ప్లాస్టిక్ సంచిలో కుక్కితే బూజు పట్టి గుర్తులన్నీ నశిస్తాయి. ఎన్నో కేసులు ప్రయోగశాలకు చేరకముందే ఇటువంటి చిన్న పొరపాట్లవల్ల దెబ్బతింటాయి.

అవును అని గట్టిగా చెప్పగల పరీక్ష లాండ్‌స్టీనర్ కాలంలో రాలేదు. 1984లో ఇంగ్లండులో అలెక్ జెఫ్రీస్ మనిషి డిఎన్ఎలో ఒక్కొక్కరికి ఒక్కొక్క తీరుగా ఉండే భాగాలను గుర్తించాడు. హైదరాబాదులోని సిసిఎంబి సంస్థలో లాల్జీసింగ్ 1988లో సొంతంగా రూపొందించిన పద్ధతితో మన దేశంలోనూ ఆ పరీక్ష వాడుకలోకి వచ్చింది. మరకలోని తెల్ల రక్తకణాలలో, ఉమ్ములోని కణాలలో డిఎన్ఎ ఉంటుంది. కవలపిల్లల్లో ఒకే పోలిక గలవారిని మినహాయిస్తే, ఇద్దరు మనుషులకు అది పూర్తిగా కలవదు. దీనివల్ల న్యాయస్థానాలలో రక్తవర్గ పరీక్షకు పూర్వపు ప్రాముఖ్యం తగ్గింది. ఆసుపత్రులలో మాత్రం తగ్గలేదు. హట్టి బంగారు గనిలో ప్రమాదం జరిగినా, కాన్పులో తల్లికి రక్తస్రావమైనా మొదట అడిగేది రక్తవర్గమే.

కాన్పుల విషయంలోనూ లాండ్‌స్టీనర్‌కు మనం ఋణపడి ఉన్నాం. వయస్సు డెబ్బై దాటాక 1940లో అలెగ్జాండర్ వీనర్‌తో కలిసి ఆర్‌హెచ్ అనే గుర్తును ప్రకటించాడు. రక్తవర్గం పక్కన మనం రాసే పాజిటివ్, నెగెటివ్ అనే మాటలు దీనికి సంబంధించినవే. తల్లికి ఈ గుర్తు లేకుండా కడుపులోని బిడ్డకు ఉంటే బిడ్డకు ప్రమాదం రావచ్చు. అంతవరకు కారణం తెలియకుండా మరణించిన ఎందరో పసిబిడ్డల విషయం దీనితో అర్థమైంది.

ఉద్యోగవిరమణ చేసిన తరువాత కూడా లాండ్‌స్టీనర్ ప్రయోగశాలకు వెళ్ళడం మానలేదు. ఇంట్లో పియానో వాయించుకోవడం, చదువుకోవడం తప్ప ఆయనకు వేరే వినోదాలు లేవు. పొగడ్తలకు ముడుచుకుపోయేవాడు. తాను రాసిన గ్రంథాన్ని చివరి రోజులవరకు దిద్దుతూనే ఉన్నాడు. 1943వ సంవత్సరం జూన్ 24వ తేదీన ప్రయోగశాలలో పనిచేస్తుండగా గుండెపోటు వచ్చింది. అప్పుడు ఆయన చేతిలో పిపెట్ ఉన్నది. రెండు రోజుల తరువాత, జూన్ 26న, తాను పనిచేసిన సంస్థకు చెందిన ఆసుపత్రిలోనే కన్నుమూశాడు. ఆ సంవత్సరం డిసెంబరులో భార్య హెలెన్ కూడా మరణించింది. ఆయన దిద్దిన గ్రంథం 1945లో అచ్చయింది. ఆయన పుట్టిన జూన్ 14వ తేదీని 2004 నుంచి ప్రపంచ రక్తదాతల దినంగా జరుపుతున్నారు.